ఎమ్మెల్యే గారికి వేరే చట్టం ఉందా?

ఈ శీర్షికకి మామూలుగా అద్దె ఇళ్ల గొడవలు, చెక్ బౌన్సులు, విడాకుల ఉత్తరాలే వస్తుంటాయి, కానీ రెండు మూడు నెలలుగా ఇంకో రకం ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక్కొక్కరూ ఒక్కో బాధ చెప్పుకొచ్చి చివరికి అడిగేది ఒకటే, మాకో చట్టం లీడర్లకో చట్టమా అని. అందుకే ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేశాను. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో నల్లకోటు వేసుకుని తిరగబట్టి ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటిదాకా ఏ పార్టీ కండువా కప్పుకోలేదు, కింద ఏ నాయకుడి పేరు వచ్చినా ఆ పార్టీ మీద కోపంతో రాసింది కాదు, చట్టం అక్కడ ఎలా పనిచేసిందో చెప్పడానికి రాసింది. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు వేయట్లేదు, పేట పేరు చాలు.

ప్రశ్న: అన్నా, నేను ఆటో నడుపుత. మొన్న పంజాగుట్ట కాడ యూటర్న్ దూరమైతదని జర్రంత రాంగ్ రూట్ల వచ్చిన, ఫోటో కొట్టిండ్రు, చలాన్ పడ్డది. తప్పు నాదే, కట్టిన. కానీ అదే టైముకి ఎమ్మెల్యే స్టిక్కర్ ఉన్న పెద్ద బండి, నల్లద్దాలు, సైరన్ కొట్టుకుంట నా ముందటి నుంచే రాంగ్ రూట్ల పోయింది, కానిస్టేబుల్ పక్కకి జరిగి సల్యూట్ కొట్టిండు. ఎమ్మెల్యేలకి ట్రాఫిక్ రూల్స్ల ఏమన్న మినహాయింపు ఉన్నదా?
– ఆటో డ్రైవర్, యూసుఫ్‌గూడ

లేదు తమ్ముడూ. 1988 మోటారు వాహనాల చట్టం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినా రాంగ్ రూట్లో పోవడానికి ఎమ్మెల్యేకో ఎంపీకో హక్కు ఉందని ఒక్క లైను కూడా దొరకదు. అంబులెన్స్, ఫైరింజన్ లాంటి ఎమర్జెన్సీ బండ్లకే ఆ వెసులుబాటు, సైరన్ కూడా అలాంటి వాటికీ పోలీసు బండ్లకే. స్టిక్కర్ అసెంబ్లీ గేటు దగ్గర బండిని గుర్తుపట్టడానికి పనికొస్తుందేమో గానీ రోడ్డు మీద దానికి చట్టంలో విలువ లేదు. ఎర్రబుగ్గ సంగతి నీకు తెలిసే ఉంటుంది, 2017 మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధానితో సహా ఎవరి కారు మీదా ఉండకూడదని తీసేశారు. నల్లద్దాల ఫిల్మ్‌ని 2012లో సుప్రీంకోర్టే ఆపేసింది, జడ్ ప్లస్ లాంటి గట్టి భద్రత ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎవరికీ కుదరదు. నిజంగా కాగితం మీద ఉన్న మినహాయింపు ఒకటుంది, నేషనల్ హైవే టోల్ గేటు దగ్గర ఎంపీలకీ, తమ రాష్ట్రం లోపల ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలకీ ఐడీ కార్డు చూపిస్తే ఫీజు ఉండదు. అది డబ్బు మినహాయింపు, రోడ్డు రూల్ మినహాయింపు కాదు.

బయటి దేశం మాట ఒకటి చెప్తా. 2023 జనవరిలో బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ నడుస్తున్న కారులో వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకుండా వీడియో చేశాడు, ఆ వీడియో బయటికి రాగానే లాంకషైర్ పోలీసులు ఫైన్ వేశారు, ఆయన కట్టాడు, క్షమాపణ కూడా చెప్పాడు. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో గుమిగూడినందుకు అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కీ, ఆర్థికమంత్రిగా ఉన్న ఇదే సునాక్‌కీ ఫైన్ పడింది. ప్రధానికి ఫైన్ వేసిన ఆ పోలీసుల్ని మర్నాడు ఏ మారుమూలకో బదిలీ చేస్తారన్న భయం లేదక్కడ, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడేది అదే. నువ్వు చూసిన కానిస్టేబుల్‌ని నేను తిట్టలేను, ఎండలో పన్నెండు గంటలు నిలబడే మనిషి అతను, ఆ బండి ఆపితే సాయంత్రానికి తనకి ఏమవుతుందో అతనికి తెలుసు. అతన్ని కాపాడే ఏర్పాటు మన దగ్గర లేదు, మనం అడగాల్సింది దాన్ని. నువ్వు ఆటో పక్కన ఆపుకున్నాకే ఫోటో తీసి, బండి నంబరు, టైము, చోటు రాసి ట్రాఫిక్ పోలీసుల ఎక్స్ ఖాతాకి పంపు, నంబర్ ప్లేట్ కనపడితే చలాన్ వేయడానికి ఆ బండి ఎవరిదన్నది అడ్డం కాదు.

ప్రశ్న: మా ఆయన సర్కారు ఆఫీసులో అటెండరండి. అన్నదమ్ముల మధ్య భూమి గొడవలో కేసు పెట్టారు, మూడు రోజులు చంచల్‌గూడలో ఉండి బెయిల్ మీద వచ్చారు, వచ్చేసరికి సస్పెన్షన్ ఆర్డర్ రెడీగా ఉంది. టీవీలో చూస్తే మంత్రులు నెలలు నెలలు జైల్లో ఉండి కూడా మంత్రులే అంటున్నారు. మా ఆయన ఏం పాపం చేశారు?
– గృహిణి, సైదాబాద్

అమ్మా, మీ ఆయన ఏ పాపమూ చేయక్కర్లేదు, ఆ రూల్ అలా ఉంది. ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకి మించి కస్టడీలో ఉంటే తనంతట తానే సస్పెన్షన్‌లో ఉన్నట్టు లెక్క, కేంద్ర ఉద్యోగులకీ మన రాష్ట్ర ఉద్యోగులకీ ఇదే. ఇది శిక్ష కాదు, జీవనభృతి ఇవ్వాలి, బెయిల్ వచ్చింది కాబట్టి సస్పెన్షన్ రివ్యూ చేయమని ఇప్పుడే అర్జీ పెట్టించండి, ఆ పని ఆలస్యం చేయొద్దు.

ఇక మీరు అడిగిన పోలిక. అది నిజమే, నేను దాన్ని కప్పిపెట్టను. 2024 మార్చి 21న ఢిల్లీ ముఖ్యమంత్రిగా ఉన్న అరవింద్ కేజ్రీవాల్‌ని ఈడీ అరెస్టు చేసింది, సెప్టెంబర్‌లో బెయిల్ వచ్చేదాకా మధ్యలో ఎన్నికల ప్రచారానికి సుప్రీంకోర్టు ఇచ్చిన కొన్ని రోజులు తప్ప జైల్లోనే ఉన్నారు, అన్నాళ్లూ ముఖ్యమంత్రే. తమిళనాడులో సెంథిల్ బాలాజీ 2023 జూన్‌లో అరెస్టయ్యాక కూడా నెలల తరబడి శాఖ లేని మంత్రిగా కొనసాగారు. వాళ్లు నేరం చేశారా లేదా అన్నది ఇక్కడ మన విషయం కాదు. అటెండర్‌కి 48 గంటలు, ముఖ్యమంత్రికి గడువే లేదు, విషయం అది.

2025 ఆగస్టు 20న కేంద్రం 130వ రాజ్యాంగ సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టింది, అయిదేళ్లో అంతకంటే ఎక్కువో శిక్ష పడే నేరారోపణ మీద వరసగా 30 రోజులు కస్టడీలో ఉంటే ప్రధాని అయినా ముఖ్యమంత్రి అయినా మంత్రి అయినా 31వ రోజుకి పదవి పోతుందని, దాన్ని జాయింట్ కమిటీకి పంపారు. చాలామంది ఇది బాగుంది కదా అంటారు. నాకు సగమే నచ్చింది. ఎందుకంటే అరెస్టు చేసేది ఏజెన్సీ, ఆ ఏజెన్సీ ఇంకో ప్రభుత్వం చేతిలో ఉంటుంది, జడ్జి నోటి నుంచి ఒక్క మాట రాకముందే ప్రజలు ఎన్నుకున్న మనిషి పదవి ఊడిపోతే దాన్ని వాడుకునేవాళ్లు రేపు ఎవరైనా కావచ్చు. కోర్టు కాగితాలన్నీ చూసి ఛార్జెస్ ఫ్రేమ్ చేసిన రోజు నుంచి, అంటే ఈ ఆరోపణల మీద విచారణ నడపొచ్చని తేల్చిన రోజు నుంచి, పక్కన ఉండాలి అంటే నేను రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటా. మీ ఆయనకి కూడా అదే న్యాయం ఉండాలి, 48 గంటల కస్టడీని బట్టి కాకుండా.

ఇంకొకటి చెప్తే మీకు ఇంకా బాధేస్తుంది. జైల్లో ఉన్న మనిషికి, విచారణ ఖైదీ అయినా సరే, ఓటు వేసే హక్కు లేదు, ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) అదే చెప్తుంది. కానీ అదే మనిషి జైలు నుంచి నామినేషన్ వేయొచ్చు, గెలవొచ్చు. 2013లో సుప్రీంకోర్టు ఓటు లేనివాడు పోటీ ఎలా చేస్తాడని ఆపితే అదే ఏడాది పార్లమెంటు చట్టం సవరించి మళ్లీ దారి ఇచ్చింది. 2024లో బారాముల్లా నుంచి ఇంజినీర్ రషీద్, ఖడూర్ సాహిబ్ నుంచి అమృత్‌పాల్ సింగ్ జైల్లో ఉండే గెలిచారు. మీ ఆయన ఆ మూడు రోజుల్లో ఎన్నికలు వచ్చి ఉంటే పోటీ చేయగలిగేవారు, ఓటు మాత్రం వేయలేకపోయేవారు. ఇలాంటి చోట అధికారులని అని లాభం లేదు, చట్టాన్ని రాసుకున్నవాళ్లే తమకి మెత్తగా రాసుకున్నారు.

ప్రశ్న: సార్, అశోక్‌నగర్‌లో కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్న. డిగ్రీల ఉన్నప్పుడు ధర్నా చేసినమని ఒక కేసు ఉన్నది, ఇంకా నడుస్తుంది. ఉద్యోగం రాదంటున్నరు ఫ్రెండ్స్, పాస్‌పోర్ట్ కూడా రాదంట. మా దగ్గరి లీడర్ మీద పన్నెండు కేసులున్నయి, ఆయన స్టేజీ మీదికి వస్తే పోలీసులే లేచి నిలబడతరు. నేను ఇంక చదువుడు ఆపాల్నా?
– నిరుద్యోగి, అశోక్‌నగర్

ఆపకు. ముందు నీ పని చూద్దాం. అటెస్టేషన్ ఫారంలో కేసు ఉందా అని అడిగిన చోట లేదు అని మాత్రం రాయకు, ఎవరు చెప్పినా రాయకు, ఉద్యోగాలు పోయేది ఎక్కువగా కేసు వల్ల కాదు దాచిపెట్టడం వల్ల. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది, చిన్న వయసులో నినాదాలు చేసినలాంటి చిన్న కేసులని పెద్దది చేయకుండా వదిలేయొచ్చు అని ఆ తీర్పులోనే ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఛార్జిషీట్ కాపీ తీసి పెట్టుకో, లోక్ అదాలత్‌లో తేలే సెక్షన్లు ఉంటే నీ లాయర్‌ని అడుగు. పాస్‌పోర్ట్‌కి కేసు నడుస్తున్న కోర్టు నుంచి అనుమతి తెచ్చుకుంటే వస్తుంది.

ఇక ఆ లీడర్. పన్నెండు కేసులున్నా శిక్ష పడనంతవరకు చట్టం ఆయన్ని ఆపదు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8(3) ప్రకారం రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే పదవి పోతుంది, జైలు నుంచి వచ్చాక ఇంకో ఆరేళ్లు పోటీ చేయకూడదు. ఇంతకుముందు శిక్ష పడ్డా మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే పదవి కాపాడుకునే సందు ఒకటి ఉండేది, అది ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ మాత్రమే, 2013 జూలై 10న లిలీ థామస్ తీర్పుతో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు వల్లే 2014లో జయలలిత ముఖ్యమంత్రిగా ఉండగానే పదవి కోల్పోయారు, 2023 మార్చిలో సూరత్ కోర్టు రెండేళ్ల శిక్ష వేసిన మర్నాడే రాహుల్ గాంధీ ఎంపీ పదవి పోయింది, ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక మళ్లీ వచ్చింది. రూల్ అందరికీ ఒకేలా పడ్డప్పుడు పెద్ద పేరు కూడా అడ్డం రాలేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగికి నేరం రుజువైతే ఎంక్వైరీ కూడా లేకుండా తీసేయొచ్చు, ఆరేళ్లయింది కదా రా బాబూ అని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టరు. నీకు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టిన కొలత, ఆ కానిస్టేబుల్‌కి ఆర్డర్ ఇచ్చే మంత్రికి లేదు. 2014లో మనోజ్ నరూలా కేసులో సుప్రీంకోర్టు ఛార్జెస్ ఉన్నవాళ్లని మంత్రులుగా పెట్టుకోవద్దని ప్రధానికీ ముఖ్యమంత్రులకీ హితవు చెప్పి ఊరుకుంది, నిషేధించలేదు.

2024 లోక్‌సభకి గెలిచిన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని వాళ్ల అఫిడవిట్లలో వాళ్లే రాసుకున్నారు, అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వాళ్లు లెక్క కట్టింది ఇది, అందులో 170 మందివి తీవ్రమైన కేసులు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో తమ్ముడూ, నీ ధర్నా కేసు ఎలాంటిదో కొందరు నాయకుల రైల్ రోకో కేసు కూడా అలాంటిదే. తెలంగాణ కోసం పట్టాల మీద కూర్చున్న మనిషినీ, భూమి కోసం మనిషిని కొట్టించిన వాడినీ ఒకే సంఖ్యలో కలిపి చూడొద్దు. పన్నెండు అన్నావు కదా, ఆ పన్నెండూ ఏ సెక్షన్లో చూడు.

ప్రశ్న: గవర్నర్ మీద కేసు పెట్టరాదంటారు నిజమేనా? ముఖ్యమంత్రికి కూడా ఉందా అది?
– రిటైర్డ్ టీచర్, కొత్తపేట

రాష్ట్రపతికీ గవర్నర్లకీ ఉంది మాస్టారూ, ఆర్టికల్ 361, అది కూడా పదవిలో ఉన్నంతకాలమే, దిగిపోయాక లేదు. ప్రధానికి లేదు, ముఖ్యమంత్రికి లేదు, మంత్రికి, ఎమ్మెల్యేకి, కార్పొరేటర్‌కి ఎవరికీ లేదు.

ప్రశ్న: మా ఇంటి ముందు బండి పెట్టొద్దన్నందుకు మా కార్పొరేటర్ మనుషులు, అందులో ఆయన తమ్ముడు కూడా ఉన్నాడు, మా ఆయన్ని కొట్టారు. తలకి ఆరు కుట్లు పడ్డాయి. స్టేషన్‌కి పోతే రెండు రోజులు కూర్చోబెట్టి రాజీ చేసుకోండమ్మా, ఎందుకు పెద్దోళ్లతో అంటున్నారు. కంప్లైంట్ తీసుకోరు, రసీదు ఇవ్వరు. నేనేం చేయాలి?
– పాఠకురాలు, మూసారాంబాగ్

అమ్మా, ఈ ఉత్తరం చదివి నేను చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. రాజీ పడాలా వద్దా అన్నది మీ ఇష్టం, స్టేషన్ ఇష్టం కాదు. 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి చెప్పింది ఏంటంటే, పోలీసులు నేరుగా పట్టుకోదగ్గ నేరం జరిగిందని చెప్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. ఇప్పుడు 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది సెక్షన్ 173. ఏ స్టేషన్ పరిధి అయినా ఇంకో స్టేషన్లో ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, ఆన్‌లైన్లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే చాలు. ఎఫ్‌ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి.

ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు చేయాల్సింది. మీ కంప్లైంట్ తెలుగులోనే తెల్లకాగితం మీద రాయండి, తేదీ, టైము, చోటు, ఎవరు దేనితో కొట్టారు, ఎవరు చూశారు, స్టేషన్‌కి ఏ రోజు ఎన్ని గంటలకి వెళ్లారు, ఏమన్నారు అన్నీ రాసి డీసీపీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు రసీదు జాగ్రత్త. దాని మీద కూడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ వేస్తే దర్యాప్తు చేయమని ఆర్డర్ వస్తుంది, డీసీపీకి పంపిన కాగితం లేకుండా నేరుగా వస్తే మాత్రం కోర్టు వెనక్కి పంపిస్తుంది, అందుకే ఆ రసీదు గురించి ఇంతగా చెప్తున్నా. కుట్లు వేసిన ఆసుపత్రిలో మెడికో లీగల్ రిజిస్టర్‌లో, అంటే పోలీసు కేసు అయ్యే దెబ్బలు రాసే పుస్తకంలో, ఎక్కించారా లేదా రేపే కనుక్కోండి. ఎదురింటి సీసీ కెమెరాలో వీడియో కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది, ఈ రోజే వెళ్లి అడిగి కాపీ తీసుకోండి. లాయర్ ఫీజు గురించి భయపడొద్దు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం ఉంది, 15100కి ఫోన్ చేస్తే మీ ఏరియా లీగల్ సర్వీసెస్ వాళ్లు మాట్లాడతారు.

ఒక పాత సంగతి చెప్పాలి. నేను ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో ఇలాగే దెబ్బలు తిన్న ఒక పెద్దాయనతో స్టేషన్‌కి వెళ్లాను, అక్కడి రైటర్ ఆ నాయకుడి పేరు తీసేసి గుర్తుతెలియని వ్యక్తులు అని రాయండి, ఇప్పుడే ఎఫ్‌ఐఆర్ కడతాం అన్నాడు. ఎఫ్‌ఐఆర్ దొరకడమే గొప్ప అనుకుని ఆయన్ని నేనే ఒప్పించాను. ఆ తర్వాత ఆ గుర్తుతెలియని వ్యక్తుల కోసం ఎవరూ వెతకలేదు, ఆ పెద్దాయన పోయేదాకా కేసు అక్కడే ఉంది. ఆ సలహా ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకని చెప్తున్నా, మీ కాగితంలో ఆ తమ్ముడి పేరు ఉంటే ఉండనివ్వండి, ఎవరు అడిగినా తీయొద్దు.

ప్రశ్న: అసెంబ్లీలో, పార్లమెంటులో లంచం తీసుకుని ఓటేసినా కేసు ఉండదని ఎక్కడో చదివాను. ఇంత ఘోరం ఉంటుందా?
– డిగ్రీ విద్యార్థిని, కోఠి

ఉండేది అమ్మాయ్, 2024 దాకా. ఆ కథ మన తెలుగాయన ప్రధానిగా ఉన్నప్పటిదే. 1993లో పీవీ నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టారు, జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకి డబ్బులిచ్చి నిలబడ్డారని సీబీఐ కేసు. 1998లో సుప్రీంకోర్టు 3–2 తేడాతో ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది, సభలో వేసిన ఓటుకి ఆర్టికల్ 105 రక్షణ ఉంది కాబట్టి డబ్బు తీసుకుని ఓటేసిన ఎంపీల మీద కేసు నడవదు, డబ్బు ఇచ్చారన్న వాళ్ల మీద నడుస్తుంది. 2000లో కింది కోర్టు పీవీ గారికి మూడేళ్ల శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయన్ని నిర్దోషిగా వదిలింది, ఈ రెండో ముక్క చెప్పకుండా మొదటి ముక్క చెప్పడం అన్యాయం. చివరికి 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీలూ ఒకే మాటగా 1998 తీర్పు తప్పన్నారు, లంచం పుచ్చుకున్న క్షణంలోనే నేరం అయిపోయింది, తర్వాత ఓటు ఎటు వేసినా వేయకపోయినా సంబంధం లేదు అని. ఇరవై ఆరేళ్లు పట్టింది ఆ మాట రావడానికి.

సభలో మాట్లాడే మాటకి రక్షణ మాత్రం ఉండాలి, నేను దాని పక్షమే, లేకపోతే మంత్రిని గట్టిగా నిలదీసిన ప్రతి ఎమ్మెల్యే మీదా పరువునష్టం కేసు పడుతుంది. కానీ కుర్చీలు విరగ్గొట్టడం మాట కాదు. 2015లో కేరళ అసెంబ్లీలో బడ్జెట్ రోజు ప్రతిపక్ష ఎమ్మెల్యేలు స్పీకర్ వేదిక ఎక్కి కంప్యూటర్లూ మైకులూ పగలగొట్టారు, ప్రభుత్వం మారాక ఆ కేసు ఉపసంహరించుకుంటామన్నారు, 2021 జూలైలో సుప్రీంకోర్టు కుదరదంది. అరెస్టు విషయంలో కూడా అంతే, సమావేశాలప్పుడూ వాటికి ముందూ వెనకా 40 రోజులు అరెస్టు చేయకూడదన్నది అప్పుల లాంటి సివిల్ వ్యవహారాలకే, క్రిమినల్ కేసుకి కాదు, స్పీకర్‌కి సమాచారం ఇస్తే చాలు.

ప్రశ్న: చెరువు పక్కన మేము కొన్న అరవై గజాల ఇల్లు కూల్చేశారు. అదే చెరువుకి అవతల ఒక పెద్ద లీడర్ కాంపౌండ్ అలాగే ఉంది. ఆయన్ని వదిలారు కాబట్టి మమ్మల్నీ వదలాలి అని కోర్టులో కేసు వేయొచ్చా?
– పాఠకుడు, నగర శివారు

మీ కష్టం అర్థమైంది, అప్పు చేసి కట్టుకున్న ఇల్లు అది. కానీ ఆ వాదనతో వెళ్తే ఓడిపోతారు. ఆర్టికల్ 14 సమానత్వం అంటే, చట్టం ఇచ్చిన దాంట్లో సమానత్వం, ఆయన తప్పు చేసి తప్పించుకున్నాడు కాబట్టి నేనూ తప్పించుకుంటా అంటే కోర్టులు ఒప్పుకోవు. వాదన తిప్పి వేయండి. మా మీద పెట్టిన కొలత ఆయన మీదా పెట్టండి అని అడగండి. పది హెక్టార్లకి మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే గీత నుంచి, 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా, అది ఇంటి యజమానిని బట్టి మారదు. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ సైట్‌లో ఉంటాయి, మీ చెరువుది తీసి ఆ కాంపౌండ్ సర్వే నంబర్ ఏ గీత లోపల ఉందో చూసుకోండి, ఆర్‌టీఐలో ఆ సర్వే నంబర్‌కి ఇచ్చిన నోటీసుల కాపీలు అడగండి, నోటీసు ఇవ్వలేదు అన్న జవాబు వస్తే అదే హైకోర్టులో మీ చేతిలో ఉండే పెద్ద కాగితం. మీకు నోటీసు ఇవ్వకుండా కూల్చారా? 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఉండాలని చెప్పింది, కాకపోతే చెరువులూ రోడ్ల లాంటి పబ్లిక్ స్థలాల మీద ఉన్నవాటికి అది వర్తించదని కూడా అదే తీర్పులో ఉంది, మీ పట్టా కాగితాలు చూడకుండా నేను ఇక్కడ ఆశ పెట్టలేను.

ప్రశ్న: ఇవన్నీ బాగానే ఉన్నాయి, కేసు వేస్తే ఇరవై ఏళ్లు పడుతుంది, ఈలోగా ఆయన నాలుగు సార్లు గెలుస్తాడు. ఎందుకండీ ఇదంతా?
– చిరు వ్యాపారి, కూకట్‌పల్లి

మీ కోపం నాకు రోజూ కనపడేదే. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రజాప్రతినిధుల కేసులకి ప్రత్యేక కోర్టులు పెట్టించింది, మనకి నాంపల్లిలో ఉంది, పేపర్లో ప్రజాప్రతినిధుల కోర్టు అని రాస్తారే అది. 2021 ఆగస్టులో హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీ, ఎమ్మెల్యేల మీద కేసులు ఉపసంహరించుకోకూడదని చెప్పింది, అంతకుముందు ప్రభుత్వం మారగానే మనోళ్ల కేసులు ఎత్తేయడం అలవాటుగా ఉండేది. 2023 నవంబర్ 9న ఈ కేసుల మీద హైకోర్టులే స్వయంగా కన్నేసి ఉంచాలని ఆదేశించింది. ఇవన్నీ మంచివే, కానీ కేసు ఆగిపోయేది ఎక్కడో నేను చెప్తా. మామూలు ముద్దాయి రెండు వాయిదాలకి రాకపోతే వారెంట్ వస్తుంది, నాయకుడి తరఫున మాత్రం ఈ రోజు రాలేనని ఆబ్సెంట్ పిటిషన్ మీద ఆబ్సెంట్ పిటిషన్, సమావేశాలున్నాయి, పర్యటన ఉంది, ఒంట్లో బాలేదు. ఈలోగా సాక్షి చెప్పిన మాట మార్చేస్తాడు, అదే బస్తీలో ఆయన మనుషుల మధ్య బతకాల్సిన మనిషి, ఎన్నాళ్లని నిలబడతాడు? 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకం దేశమంతా అమలు చేయమంది, సాక్షి అడిగితే కోర్టు విచారణ మూసి నడపడం దగ్గర్నుంచి ఇంటి దగ్గర పోలీసు కాపలా దాకా ఉన్నాయి, అడగొచ్చని తెలిసి వచ్చే సాక్షులు నాకు చాలా తక్కువ కనపడ్డారు. మీ ఎరుకలో అలాంటి సాక్షి ఎవరైనా ఉంటే ఈ ముక్క చింపి ఇవ్వండి. కోర్టు హాలు తలుపు తెరిచే ఉంటుంది, మీరు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు, నియోజకవర్గం జనం పది మంది కూర్చుని చూస్తున్న రోజు వాయిదా అడగడం కష్టం.

ప్రశ్న: అక్కకి పోయినసారి ఓటు ఉంది, నాకు వచ్చేసారి మొదటి ఓటు. నిలబడ్డ మనిషి మీద కేసులున్నాయో లేదో మాలాంటివాళ్లకి ఎలా తెలుస్తుంది?
– ఇంటర్ విద్యార్థిని, చిక్కడపల్లి

చాలా మంచి ప్రశ్న తల్లీ, దీనికి జవాబు నీ ఫోన్‌లోనే ఉంది. 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు వల్ల అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణం చేసి చెప్పాలి, ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం సైట్‌లో అఫిడవిట్ల పేజీలో నియోజకవర్గం పేరు కొడితే స్కాన్ కాపీ వస్తుంది, ఎన్నికల సంఘం యాప్‌లో కూడా చూడొచ్చు. పెండింగ్ కేసులకి ఒక చోటు, పడ్డ శిక్షలకి ఇంకో చోటు ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ నంబర్, స్టేషన్, సెక్షన్, కోర్టు పేరు అన్నీ రాయాలి, ఖాళీగా వదలకూడదు. అబద్ధం రాస్తే ఆరు నెలల జైలో, జరిమానాయో, రెండూనో పడొచ్చు. 2020 ఫిబ్రవరి 13 నుంచి పార్టీలు కూడా కేసులున్న మనిషికి టికెట్ ఎందుకిచ్చామో రాసి పేపర్లో వేయాలి, గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం అంటే ఒప్పుకోమని సుప్రీంకోర్టు చెప్పింది.

వచ్చే ఎన్నికల దాకా ఆగక్కర్లేదు. మీ దగ్గర ఇప్పుడు గెలిచి ఉన్నాయన పోయినసారి ఇచ్చిన అఫిడవిట్ ఇంకా అక్కడే ఉంది. అక్కతో కూర్చుని తెరువు, అందులో కేసు నంబర్ ఉంటే ఈకోర్ట్స్ యాప్‌లో కొట్టు, ఆ కేసు ఏ కోర్టులో ఉందో, పోయిన వాయిదాకి ఏమైందో, వచ్చే వాయిదా ఎప్పుడో వస్తుంది. సెక్షన్ నంబర్లు అర్థం కాకపోతే కాగితం మీద రాసి నాకు పంపు, ఒక్కొక్కటీ ఏ నేరమో తెలుగులో రాసి పంపిస్తా.